సరుకు: ఇతరములు

ఉరవకొండ పశువుల ఆసుపత్రి రిజిస్టర్లో
ఒంటెకు గడి లేదు.
గేదెలు అన్నది కొట్టేసి పక్కన రాసినాను:
గుల్జారు, ఆడది, తొమ్మిదేండ్లు,
కుడి దవడ కింద వాపు, చీము.

దూదేకుల కుళ్ళాయప్ప దాన్ని ఉరుసు నుంచి ఉరుసుకు తిప్పి
పిల్లోళ్ళని ఎక్కించి బతుకుతాడు.
"రెండు నెల్లాయ మేడమ్, ఎవురూ ఎక్కడం ల్యా.
వాసనంట."
నేను అడగకముందే వాతల సంగతి చెప్పినాడు.
మూడు గురువారాలు, మూడు వాతలు,
కాల్చింది తనే.
చెప్పి గోడకేసి చూసినాడు.

నమిలి నమిలి జార్చేసిన ముద్దలో
సగం నలిగిన జొన్నసొప్ప, నెత్తుటి జీర.
వాపు మీద బొటనవేలు ఆనిస్తే రాయిలాంటి ఎముక,
నడుమ ఒక్కచోట మాగిన పండు మెత్తన.
అక్కడి చిల్లులోకి సన్నటి ఉక్కుపుల్ల పంపినాను.
రెండంగుళాలు పోయి
టక్కుమంది.
ఎముక చప్పుడు వేరు, పన్ను చప్పుడు వేరు.
కాలేజీలో ఒంటెకు మాకు దక్కింది పేజీన్నర,
ఈ టక్కు అందులో లేదు.
చెంచా కాడతో పళ్ళన్నీ తట్టుకుంటూ పోతే
నాలుగోదాని కాడ అది అరిచిన అరుపుకు
ఎదురు టీకొట్లో గ్లాసులు ఆగిపోయినాయి.

మత్తు ఎంతియ్యల్ల? బరువు తెలియాల గదా.
ఎద్దుకైతే ఎదకొలత టేపుంది.
ఈ మూపురానికి ఏ టేపు?
శెనక్కాయ లారీలు తూగే కాటా మీదికి తోలుకుపోయినాం.
కాటా తిప్పేస్వామి మొదట నవ్వినాడు,
దవడ చూసినాక నవ్వలేదు.
చీటీ వచ్చింది:
బండి నంబరు, ఖాళీ.
సరుకు, ఇతరములు.
నికర బరువు, నాలుగొందల పది కిలోలు.
దాని వెనకే మోతాదు లెక్క వేసుకున్నాను.

ముంగాళ్ళు కట్టి కూచోబెట్టినాం.
గంటన్నర.
అటెండరు లింగమయ్య సెల్లు లైటు పట్టుకొని
"ఊగుతాంది మేడమ్, ఊగుతాంది" అంటానే ఉన్నాడు,
అప్పటికి ఊగుతున్నది నా మణికట్టే.
వచ్చింది చివరికి.
వేరుకొస నల్లగా పుచ్చి,
ఆ గుంతలో ఇంకా
వేలెడు తుమ్మముల్లు.

ఉప్పునీళ్ళు, అయోడిను, గాజుగుడ్డ.
పూటపూటా కడగడం కుళ్ళాయప్పకు నేర్పినాను.
పది రోజులు సూదులు. జొన్నలు నానేసి పెట్టు.
ఎముకలోకి దిగిన చీము, నెలల పని,
మానుతుందని మాటియ్యలేను అన్నాను.
తల ఊపి, "ఆ పన్ను నాకిస్తారా" అన్నాడు.
కడిగి ఇచ్చినాను.
ముల్లు అడగలేదు.

ఆరు వారాలకు మళ్ళీ కాటా.
నాలుగొందల ముప్పై రెండు.
చిల్లు పూడలేదు ఇంకా. తడి ఉంది, వాసన లేదు.
తిప్పేస్వామి సరుకు దగ్గర వేలు ఆపి
"ఈసారి ఏమని కొట్టల్ల?" అని అడిగేలోపే
గుల్జారు కాటా దిగిపోయి
కంచె మీది తుమ్మకొమ్మను ముళ్ళతో సహా తుంచి
ఎడమ దవడకు తోసుకుంటోంది.
కుళ్ళాయప్ప తాడు గుంజబోయి
నా మొహం చూసినాడు.
నేనేం చెప్పగలను,
దాని ఊరంతా ముళ్ళే.
తాడు వదులైంది.