గేటు ఇంటి రూకోలా

మూడో నంబరు గేటు
దానంతటదే పడటం నేర్చుకున్నాక
రైల్వేవాళ్లు నాకు వదిలేసింది ఈ ఒంటిగది,
ఒక పచ్చలాంతరు, పట్టాల పక్కన బెత్తెడు నేల.
నేల అనడం మర్యాదకి. అంతా కంకర.

ఆ కంకరలోనే ఉండేది అది.
పూలియాలో రూకోలాని పనిగట్టుకుని నాటేవాడు
మా రోజుల్లో లేడు.
ఇరవై ఏళ్లు, బండి పోయిన ప్రతిసారీ
ఆ గాలికి తలొంచి లేచిన మొక్క.
ఒక వేసవిలో కాయలు ఎండి చిటపటలాడుతుంటే
యూనిఫాం టోపీలోకి దులుపుకున్నాను.

గింజ ఎంతనుకున్నారు?
ఆవగింజ దాని ముందు గుమ్మడికాయ.
పూడ్చిపెట్టకూడదు. పైపైన చల్లి
జ్వరమొచ్చిన పిల్లాడి వీపు నిమిరినట్టు
అరచేత్తో నేలని నిమరాలి, అంతే.

చాలా రోజులు ఏమీ లేదు.
తర్వాత రంపపుపళ్ల ఆకులు.
నల్లటి చిట్టిపురుగులు గెంతుతూ వచ్చి
ఆకుల్ని జల్లెడ చేసి పోయాయి.
పోనీ అన్నాను. జల్లెడైనా ఘాటు కారిపోదు.

కోసేటప్పుడు రెండువేళ్ల మోడు వదలాలి.
పీకినవాడికి ఒక పూట,
కోసినవాడికి ఏడాది.
నీళ్లెక్కువైతే చప్పబడుతుంది,
తక్కువైతే అలిగి పసుపుపూలు పూస్తుంది.
పూలు కూడా తింటాను. అలక రుచిగానే ఉంటుంది.

పాల్మీరాకి మాత్రం నచ్చలేదు.
మూడో ఏడు గింజ గోడ దాటింది.
ఆమె పాలకూర మడిలో,
బట్టల తీగ కింద,
మరియమ్మ బొమ్మ పాదాల దగ్గర,
మెట్టు పక్కన ఏకంగా అరుగులా పరుచుకుంది.
"నీ రైలు కలుపు నువ్వే ఉంచుకో!"
బుట్టెడు పీకి నా గుమ్మంలో బోర్లించింది.

ఆ బుట్టెడూ ఆ రాత్రే వండాను.
పాస్తా ఉడికే నీళ్లలోనే చివర్న ఆకు వేసి,
వెల్లుల్లి, ఆలివ్ నూనె,
పైన గట్టి మేకజున్ను తురుము.
వాసనని గోడ దాటనిచ్చాను. కావాలనే.

నాలుగేళ్లు మాటల్లేవు.

మొన్న ఆగస్టులో వచ్చింది.
తలుపు కొట్టలేదు, గోడకవతల నిలబడి
గొంతు సవరించుకుంది.
ఎలియోకి ఆసుపత్రి మందులతో
నాలుక చచ్చిపోయిందట.
రొట్టె అట్టముక్క. వైను నీళ్లు.
తన చేతి వంట మట్టి.
"మట్టి అన్నాడు, నలభై ఆరేళ్ల తర్వాత!"
తన వైపు ఒక్క మొక్క మిగల్లేదు.
అంత శ్రద్ధగా పీకింది మరి.

"ఇప్పుడు కోయకూడదు," అన్నాను,
"ఈ ఎండలకి ముదిరిపోయింది, విషంలా ఉంటుంది,
నేనే తినలేకపోతున్నాను."
"అదే ఇవ్వు," అంది.

కత్తెర తెచ్చి గుప్పెడు కోశాను.
కడక్కుండానే ఒక ఆకు నోట్లో వేసుకుంది.
కళ్లు నిండాయి.
ఘాటుకే అనుకుందాం.

సాయంత్రం ఆరూ ఇరవై బండి వెళ్లిపోయాక
గోడకవతల దగ్గు.
దగ్గు వెనకే ఒక బూతు,
నషాళానికి ఎక్కినవాడి నిండు బూతు,
పళ్లేనికి ఫోర్కు గీసుకున్న చప్పుడు,
మళ్లీ దగ్గు, మళ్లీ ఫోర్కు.
లాంతరు తుడుస్తూ కూర్చున్నాను,
దానికి ఇప్పుడు పనేమీ లేకపోయినా.

తెల్లారి గోడమీద అదే పాత బుట్ట,
ఈసారి బోర్లించి లేదు.
అడుగున ఆమె కత్తెర.

గింజలు అడగలేదు.
నేనూ ఇస్తాననలేదు.
కాయలు ఎండుతున్నాయి,
బండ్లు వస్తూనే ఉన్నాయి,
గాలి ఎటు వీస్తుందో
గేటువాడికి చెప్పాలా?