ఒక్క వత్తు

పత్తికొండ డిపోలో కండక్టర్ని.
డ్యూటీ దిగినాక,
టైరు పంక్చరైన మధ్యాహ్నాల్లోనూ
ఫోన్ పట్టుకుని నడుస్తాను.
నడిచినంత మేర తెర మీద గీత పడుతుంది.
ఆ గీత అందరిదీ.

ఆరేండ్లయింది.
దేవనకొండ దారిలో కల్వర్టులు,
టమేటా మండీ వెనక లారీ తిరగలేని సందు,
వానొస్తేనే వంకయ్యే వంక,
తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో తెలియని మందుల గది.
ఎవరైనా తీసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా.
టికెట్టు ఒకటే:
మూలన చిన్నక్షరాల్లో
ఎవరు గీసినారో చెప్పాల.
దిద్ది బాగుచేసుకుంటే
ఆ బాగునూ ఇట్లే తెరిచిపెట్టాల.

"పాలకు తోడు లాంటిది," అన్నాను చెల్లెలితో.
"పక్కింట్లో చెంచాడు తెచ్చుకున్నావు,
రేపు ఇంకొకరు గిన్నెతో వస్తే లేదనకూడదు."
"తోడిచ్చినామె పేరు
గిన్నె మీద రాసుకుంటామా?" అంది చంద్రకళ.
ఆ రోజు జవాబు దొరకలేదు.
ఈ రోజు కూడా పూర్తిగా లేదు.

ఆషాఢంలో బస్సులో ఎవరో పంచిన కాగితం.
టైగర్ స్ప్రింగ్స్. నున్నటి కాగితం, పచ్చటి ప్లాట్లు.
అడుగున నా పటం.
ఎట్ల తెలుసంటే,
కుక్క తరిమితే నేను పక్కకు దూకిన చోట
గీత తుళ్ళింది.
కాగితంలోనూ తుళ్ళింది, అదే చోట.
పులిదొన అని నేను రాసిన పేరు
వాళ్ళకు పులినిచ్చింది, పులి వెంచర్నిచ్చింది.
మూల మాత్రం కత్తిరించి
ఫోన్ నంబరు వేసుకున్నారు.

ఉత్తరం రాసినాను. ఒక్క లైను పెట్టండి చాలు అని.
పదిరోజులకు జవాబు:
"భూమి రూపం ఎవరి సొత్తూ కాదు సార్."
ప్లాట్లమ్మే మనిషి
ఈ మాట రాసినాడు.

ఆ వారమే ఖాసింబీ
రెండు టమేటా బాక్సులతో ఎక్కింది.
కాగితం మనవరాలి చేత చదివించుకుని
బస్సంతా వినేలా నవ్వింది.
"పులి యాడుండాదప్పా ఈడ?
పుల్లి గదా!
కరువేట్లో గడ్డపారతో బండ తొలిచి
దొనలోకి మెట్లు కొట్టిన ముండమోపి.
పదకొండు మెట్లు. ఎక్కిదిగినాను నేను."

పుల్లి.
ఒక్క వత్తు జారి
ఆమెను నేను పులిని చేసినాను.
నా పేరు కోసం ఉత్తరాలు రాస్తున్న
అదే బొటనవేలితో.

ప్లీడరు గుమాస్తా మద్దిలేటి చెవిలో చెప్పినాడు:
"దిద్దొద్దు బ్రదర్. ఆ తప్పే నీ సాక్ష్యం.
ఇద్దరికీ ఒకే తప్పుంటేనే దొంగ దొరికేది."
పాత కూర్పులన్నీ లోపల భద్రంగానే ఉంటాయి, నిజమే.
వాటిని తవ్వి చూపించేదెవరు, చూసేదెవరు?
రెండు రాత్రులు అట్లే ఉంచినాను
దొన మీద పులిని.

మూడో రాత్రి, ఆలూరు హాల్టులో,
బస్సు ముందు సీట్లో పడుకుని
లావత్తు పెట్టినాను.
కింద 'ఆధారం' అని ఒక గడి.
ఆరేండ్ల కిందట అందులో
'స్వయంగా చూసినది' అని రాసుకున్నాను.
దొనను చూసినాను సరే,
పేరును ఎవరు చూస్తారు? వింటారు.
'ఖాసింబీ చెప్పినది' అని మార్చినాను.
మర్నాడు చెబితే ఆమె కసిరింది.
"నాదెందుకు? మా జేజి చెప్పింది నాకు.
ఆమెకెవరు చెప్పినారో.
చిల్లర ఇయ్యి ముందు."

వాళ్ళ కాగితంలో పులి అట్లే ఉంది.
నా లైను రాలేదు, ఇంకో ఉత్తరం వేసినాను.
మొన్న షూ తొడుక్కున్న ఒకాయన
"టైగర్ స్ప్రింగ్స్ ఒకటి" అని వందనోటు చాచినాడు.
ఆ స్టేజీ మిషన్లో లేదన్నాను.
"దొన దగ్గర దింపుతా.
పుల్లి దొన.
ల కింద ల."
ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు.
ఇంకోసారి చెప్పినాను.