చీరలు చింపే మూల

"నాలుగో యేడు ఎందుకు బిడ్డా,
డిగ్రీ మూడేండ్లకే అయిపోతదట గద" అన్నడు
జీపు మొండయ్య, ఆలాపల్లి మూలమలుపుల.
"ఆనర్స్ అంటే జీతం ఎక్కువిస్తరా?"

జీపుల పదిహేడు మందిమి, రెండు కోళ్లు.
గుంతల రోడ్డు నా జవాబును
మూడుసార్లు మింగింది.
సిరొంచ దాకా అదే అడిగిండు.

ఇయ్యాల రోడ్డు ఆగింది, ముందట లారీ దిగబడ్డది.
ఇప్పుడు చెప్త మామా.

తొమ్మిది మందిమి చేరినం, నలుగురం మిగిలినం.
మెట్ల కింది గది. ఫ్యానుకు రెండే రెక్కలు.
మొదటి దినం వంజారీ మేడం పాఠం చెప్పలే,
బల్ల మీదికి ఓ రాయి దొర్లించి అడిగింది:
"తులా కాయ్ వాట్తే?"
నీకేమనిపిస్తున్నది?

ఇంట్ల తెలుగు, బళ్లె మరాఠీ, పుస్తకంల ఇంగ్లీషు.
పదిహేనేండ్లు మూడు భాషల్ల తిరిగిన గని
ఏ భాషల గూడ ఎవ్వరూ నన్నడగని మాట అది.
నోరెండిపోయింది.
"బరువుగున్నది మేడం" అన్న.
ఆమె నవ్వలే. "రాసుకో" అన్నది.

అందరికీ రెండు పుస్తకాలిచ్చే కాడ మాకు ఎనిమిదిస్తరు.
ల్యాబ్ తాళంచెవి ఒకటి నా పేర రాసిచ్చిన్రు,
దారం కట్టి మెడల ఏసుకున్న;
మా వాడల తాళమేసే ఇల్లే తక్కువ.
ఇవి గూడ లాభాలే, లెక్కల ఏసుకో.
అసలు సంగతి మా ఇంటి తలుపు కాడున్నది.

ప్రాణహిత రేవుల మా అమ్మ ఓదెవ్వ ఉతికే బండకు
ఓ మూల పదునుండేది.
ఊరోళ్ల చీరలు చినుగుతున్నయని
నేను పుట్టిన యేడు సుత్తెతోని కొట్టి తీసింది.
పారెయ్యలే. తలుపుకు అడ్డం పెట్టింది.
ఇరవై యేండ్లు మా ఇంట్లకు గాలొచ్చిందంటే
ఆ ముక్క పుణ్యమే.

దాన్నే సంచిలేసుకొని పోయిన.

కోసినం. నూరినం. ఎంటిక కన్నా పలచగ,
రాతిలకెల్లి ఎలుతురు వచ్చేదాక నూరినం.
అద్దం కింద పెట్టి చూస్తే
గదులు.
గదుల పక్కన గదులు, తేనెతుట్టె లెక్క,
ఒకప్పుడు నీళ్లు పైకెక్కిన తొవ్వలు.
ఓ కాడ వలయాలు ఒకదాన్నొకటి ఒరుసుకున్నయి:
వాన పడని యేండ్లు,
కరువు అనేటందుకు మనిషే పుట్టని కాలంల.

ఆ రాత్రే ఫోన్ చేసిన. "అమ్మా, అది బండ కాదే, చెట్టు."
చానసేపు గిన్నెల సప్పుడే.
తర్వాత అన్నది:
"అందుకే గావచ్చు,
మే నెలల గూడ కాళ్లకు సల్లగుంటది."

మేడంకు నవ్వుకుంట చెప్పిన.
ఆమె నవ్వలే. "పరీక్షించు" అన్నది.

పదకొండు దినాలు రేవుల
రెండు బండల మీద రెండు థర్మామీటర్లు.
పొద్దుగాల, మిట్టమధ్యాహ్నం, పొద్దుగూకినంక.
"బండకు జ్వరమొచ్చిందా పిల్లా" అన్నరు ఉతకొచ్చినోళ్లు.
తేడా లేదు. అర డిగ్రీ గూడ లేదు.
అమ్మ మాట తప్పని నా చేత్తోనే రాసిన,
నలభై ఆరో పేజీల, పట్టిక కింద.
చదివి ఇనిపిస్తే
చేతులు కొంగుకు తుడుచుకుంట అడిగింది,
"నీ గాజుపుల్లకు కాళ్లున్నయా?"
అది గూడ రాసిన. మేడం కొట్టెయ్యలే.

జీతం సంగతి నాకు తెల్వదు మామా.
వైవాకు నాగపూర్ నుంచి వచ్చిన సారు
"ఈ నమూనా ఎక్కడిది?" అంటే
రేవు పేరు చెప్పిన, అమ్మ పేరు చెప్పిన.
గొంతు వణకలే. అదైతే తెలుసు.

మొండయ్య బీడీ ఆర్పి జీపు దిగిండు.
ఎనుక టైరు కింద పెట్టే నల్లరాయి
రెండు చేతుల్ల మోసుకొచ్చి నా ఒళ్లె పెట్టిండు.
"మా నాయిన ఎడ్లబండికి పెట్టేటోడు.
గిది ఏందో చూడు."

తిప్పి చూసిన. మామూలు రాయే అనిపించింది.
అనలే.
"నీకేమనిపిస్తున్నది మామా?" అన్న.

లారీ కదిలింది. ఎనుక హారన్లు.
"పోనియ్యవయ్యా" అని అరుస్తున్నరు పదిహేడు మంది.
మొండయ్య నిలబడి రాయినే చూస్తున్నడు.