మొండయ్య కాక గొంతు

టూ ఇంక్లైన్ బస్తీ మొత్తానికి ఒకటే టీవీ,
ఖాజా మియా ఇంట్ల, బారూదు డబ్బాల చెక్కపెట్టె మీద.
ఆదివారం పొద్దుగాల్ల మేమందరం
చెప్పులు బయట ఇడిసి
గోడకు ఆని కూసునేటోళ్లం.

అండ్ల ఒక బొమ్మ వచ్చేది.
గుడ్డపేలికల బొమ్మ, లోపల పొట్టు.
ఎవలన్న ఆపదల ఉన్నరంటె చాలు
లేచి ఎగిరేది.
ఖాజా మియా టీవీకి తెలుపు నలుపే తెలుసు.
దాని మెడ రుమాలు ఎర్రదని మా చెల్లె,
కాదు పచ్చదని సారంగం
ఒకసారి జుట్లు పట్టుకున్నరు.

అది ఏం మాట్లాడేదో ఒక్క ముక్క తెల్వకపోయేది.
అప్పుడు లేచిండు మొండయ్య కాక.
నైట్ షిఫ్టు దిగి ఇంకా తానం చెయ్యలే,
కండ్ల సుట్టు కాటుక లెక్క బొగ్గు.
టీవీ పక్కకు స్టూలు జరుపుకొని
గుండీ తిప్పి దాని గొంతు బంద్ చేసి
తన గొంతు పెట్టిండు.

"ఏందిరా, గిట్లెట్ల ఇరుక్కున్నవ్?
ఆగు, వస్తున్న.
బీడి ఆర్పి వస్తున్న."

ఆనాటి సంది బొమ్మ మా బస్తీదైంది.
దొంగలందరు ఓవర్‌మెన్ లెక్క కసిరేటోళ్లు.
సుక్కలు, డిప్పుల నిలవడ్డ క్యాప్‌ల్యాంపులు.
ఎగిరే ముందట కాక
స్టీలు గిలాస మీద చెంచతోని కొట్టేది, టన్.
"గంట కొట్టందె ఏ బండీ కదలదు బిడ్డా,
గాలిల పోయేటోడైనా సరే."

వానకాలం, ఒక సోమవారం,
నాలుగో సీముల కప్పు కూలింది.
మొండయ్య కాకను పదకొండు గంటల తర్వాత తీసిండ్రు.
ఆయన పక్కన తట్ట నింపే లస్మయ్యను
మర్నాడు తీసిండ్రు.
ఈ రెండు మాటల నడుమ ఏమున్నదో
మా ఇండ్ల పిల్లలకు ఎవ్వలు చెప్పనక్కర లేదు.

మల్ల వచ్చే ఆదివారం కాక రాడనుకున్నం.
వచ్చిండు, ఎడమ చేతికి పట్టితోని.
లస్మయ్య కొడుకు రాజలింగు మా నడుమనే ఉన్నడు,
కొత్త గుండుతోని.
మేం టీవీ దిక్కే సూసినం, గట్టిగ సూసినం.

ఆ పొద్దు ఒక పిల్ల గుహల చిక్కింది.
బొమ్మ రెప్పపాటుల వచ్చింది. బండ ఎత్తింది.
దాని నోరు కదులుతనే ఉన్నది.
కాక మాట్లాడలే.
గిలాస ఒళ్లె ఉన్నది, చెంచ చేతుల ఉన్నది,
కొట్టలే.
పిల్ల బయటపడ్డది, అండ్ల అందరు సప్పట్లు,
సప్పుడు లేని సప్పట్లు.
అప్పుడన్నడు మెల్లగ:

"లేటయింది బిడ్డా.
పైనకెళ్లి గంట ఇనవడలే."

రాజలింగు లేచిండు.
పోయి స్టూలు పక్కన నిలవడి
కాక చేతులకెళ్లి చెంచ తీసుకొని
గిలాస మీద కొట్టిండు.
కొడుతనే ఉన్నడు.
బొమ్మ అయిపోయింది, ఎవరో వార్తలు సదువుతున్నరు,
ఖాజా మియా బీబీ చాయ్ తెచ్చి గుమ్మంలనే ఆగింది.
ఎవ్వలు ఆపలే.

మొన్న మంచిర్యాలల
మనుమరాలి ఫోనుల అదే బొమ్మ.
రుమాలు ఎర్రది గాదు, పచ్చది గాదు.
"ఇది ఇంగ్లీషు కాదమ్మమ్మా" అన్నది పిల్ల.
ఇంగ్లండు పక్కన చిన్న దేశమంట, వేల్సంట.
తమ భాష తమ పిల్లలే మర్చిపోతరని
భయపడి బొమ్మ నోట్లె పెట్టిండ్రంట.
అక్కడ గూడ బొగ్గుబాయిలంట.
అన్నీ మూసిండ్రంట.

పిల్ల సౌండు పెంచింది. ఇన్న.
మాట మాటకు "ఖ్" అనుకుంట
షిఫ్టు దిగినోడు గొంతు సవరించుకున్నట్టున్నది ఆ భాష.
మంచిగనే ఉన్నది.
"గని బొమ్మ గొంతు గిది గాదు" అన్న.
"మరెట్లుంటది?"

వంటింట్లకెళ్లి స్టీలు గిలాస తెచ్చుకున్న.
ఈ ఇంట్ల చెంచలు ఎక్కడ పెడుతరో,
దేవులాడుతున్న.