చెయ్యి తిరిగినవాడు

రీజే కొండల మీంచి టీ ఆకు బస్తాలు
ఇనుప తీగ పట్టుకుని లోయలోకి దిగుతాయి.
తొలి కోత నాడు ఆ తీగ తెగి
నెవ్‌జాత్ దండచేతిని కోసింది.
ఎముక నిలిచింది. ఒక్క నరం పోయింది.

ఆస్పత్రి కింది గదిలో, నా బల్ల మీద
కుడిచేతిని ఎడంచేత్తో ఎత్తి
ఎవరిదో సామానులా పెట్టాడు.
"కత్తెర పడితే మా ఊళ్ళో
నా అంత చెయ్యి తిరిగినవాడు లేడు, ఫెరిహా హనుమ్."
అరచెయ్యి పైకి తిప్పమన్నాను.
తిరగలేదు.

బొమ్మ గీయడం నాకు రాదు. నోటితోనే చెప్పాను:
పిల్లలు చొక్కా మడిచి చూపించుకునే కండ ఉందే,
పేరంతా దానిది.
దాని కింద, ఎముకను కరుచుకుని
ఇంకొకటి పడుకుని ఉంటుంది.
అరచెయ్యి ఎటు తిరిగి ఉన్నా
మోచెయ్యి మడిచే మోత దానిది.
దాన్ని చూసి ఎవరూ ఈల వెయ్యలేదు.
ఆ రెండింటికీ కబురు మోసేది ఒకటే నరం.
ఇప్పుడు రెండూ నిద్రలో ఉన్నాయి.

"మరి వెనకది?"
వెనకది మెలకువగానే ఉంది. అదే చిక్కు.
చెయ్యి చాపడం దాని పని.
మడిచేటప్పుడు అది పట్టు వదలాలి,
పైనున్నవాడు బస్తా దించుతూ
బ్రేకు వదిలినట్టు, కొంచెం కొంచెంగా.
భయపడ్డ చెయ్యి వదలదు.

నవ్వాడు. "మా అన్నదమ్ముల్లాగా.
నేను లాగితే వాడు వదలడు.
తోట మాత్రం అక్కడే ఉంది."

వారాలు గడిచాయి. ఒక బుధవారం, వాన.
నడుము సన్నని గ్లాసుల్లో టీ వచ్చింది.
తోట గొడవేదో చెబుతూ చెబుతూ
ఏమరుపాటున కుడిచెయ్యి చాచాడు,
బొటనవేలు ఇంటికప్పు వైపు,
గ్లాసు అంచు రెండు వేళ్ళ మధ్య.

ముంజేతి మీద, బొటనవేలి వైపు
తాడులాంటిదొకటి లేచింది.
మూడోది. నేను చెప్పడం మరిచినది.
దానికి కబురొచ్చేది
వెనకదాని నరం నుంచే,
ఎదుటి పక్షం ఇంట్లోంచి.

మోచెయ్యి వంగింది.
సగం టీ చొక్కా తాగింది,
సగం అతను.

అరచెయ్యి ఇంకా తిరగలేదు.
గ్లాసుకు తిరగక్కర్లేదు కూడా.

"వెనకది వదిలిందా?" అన్నాడు, మూతి తుడుచుకుంటూ.
వదిలింది, అన్నాను.
నువ్వు దాన్ని చూడనప్పుడు.