తొమ్మిదో సీసా

ఎనుమాముల మార్కెట్ దాటినా
మిర్చి ఘాటు ముక్కును వదల్లేదు.
పాత బ్యాటరీలు కరిగించిన కార్ఖానా గేటుకు
తాళం ఉంది, పక్కన గోడ లేదు.
మొగిలి జీపు ఆపి, ఐసుపెట్టె దింపి,
నీడ కోసం చుట్టూ చూసి
బండి కిందే తువ్వాల పరుచుకున్నాడు.

బోరు ఒకటి గుట్ట వైపు, ఎగువన.
దానికి ఏ పాపం తెలియదని మా నమ్మకం.
మిగతావాటిని దానితోనే పోలుస్తాం.
రెండు, మూడు అయ్యేసరికి ఎండ నెత్తికెక్కింది.
బోరు నాలుగు, ఓదెమ్మ పెరటి కంచెకు ఆనుకొని.

మూత తిప్పితే తుప్పు అంటింది.
తొడుగు మార్చుకొని టేపు వదిలాను,
చీకటి ఎంత లోతో అంకెల్లో చెప్పే టేపు.
పదకొండు మీటర్ల నలభై దగ్గర కీచుమంది.
పోయిన నెల పదికే పలికింది.

ముందుగా వచ్చే నీళ్లు నిజం చెప్పవు.
గొట్టంలో నిలిచి నిలిచి
గొట్టం మాటే చెప్తాయి.
మూడు గొట్టాల నీళ్లు తోడి పోస్తే గాని
నేల నోరు విప్పదు.
ఇది పుస్తకంలో ఉన్న మాట.
మే నెలలో, రెండు ఖాళీ బిందెలతో
నిలబడ్డ మనిషికి చెప్పే మాట
ఏ పుస్తకంలోనూ లేదు.

"గన్ని నీళ్లు డ్రమ్ముల పోస్తున్నవేందే?
నా బర్రెకన్న పొయ్యరాదు?"
"వద్దు పెద్దమ్మా, ఇవి..."
ఇవి ఏమిటి?
విషమందామంటే చేతిలో కాగితం లేదు.
మంచివందామంటే అదే కాగితం లేదు.
"ఇంకా తెల్వదు" అన్నాను.
"మూడేండ్ల సంది వస్తున్రు. ఇంక తెల్వకపాయెనా?"
బిందె చంక మార్చుకుంది గాని
కదల్లేదు.

మీటరు మీద అంకెలు ఊగుతున్నాయి.
ఏడు పాయింట్ ఒకటి. ఆరు పాయింట్ తొమ్మిది.
ఆరు పాయింట్ ఎనిమిది,
ఎనిమిది,
ఎనిమిది.
మూడుసార్లు ఒకే మాట మీద నిలబడితే
సాక్షిని నమ్మొచ్చని నేర్పారు మాకు.
"తాగొచ్చునా, తాగొద్దా?"
ఓదెమ్మ అడగడం అది మూడోసారి.

మా నాయిన కొత్తవాడలో
జంపఖానాల నూలుకు రంగు ఎక్కించేవాడు.
తొట్టిలో వేలు ముంచి, గోరు చూసి
ఈ నీళ్లకు ఎరుపు పట్టదు పొమ్మనేవాడు.
నా నీళ్లకు రంగు లేదు నాయినా,
వాసన లేదు, గోటికేమీ అంటదు.
సీసాలో సీసం ఉందా?
రాతలో ఒక్క సున్న చేరితే సీసం.
రిపోర్టులో ఆ సున్న వస్తేనే బతుకు.
దానికి హైదరాబాదులో మిషను కావాలి,
ఇరవై రోజులు కావాలి.

గొట్టాన్ని సీసా గోడకు ఆనించి
చప్పుడు కాకుండా నింపాను.
రెండు చుక్కల ఆమ్లం,
దారిలో సీసం గోడలకు అతుక్కోకుండా.
చీటీ మీద బోరు నంబరు, తేదీ, వేళ.
పేరు రాసే గడిలో నా పేరే, ఓదెమ్మది కాదు.
నాలుగు బోర్లు, జతలుగా ఎనిమిది సీసాలు.

ఇక తొమ్మిదోది.
ల్యాబు నీళ్లను ఈ గాలిలో మూత తీసి,
ఈ సీసాలోంచి ఆ సీసాలోకి ఒంపి, మళ్లీ బిగించాలి.
నా చేయి గానీ ఈ దుమ్ము గానీ
ఏమైనా కలిపిందేమో పట్టుకోవడానికి.
మా మీద మేం పెట్టుకున్న కాపలా.

"గదేంది?"
"ల్యాబు నీళ్లు పెద్దమ్మా. బాయివి కావు."
"గవి మంచియేనని ఎరుకనా?"
"ఎరుకే."
ఆమె తొమ్మిదో సీసా వైపు కాసేపు చూసింది.
"మంచియని ఎరుకైనయి గవ్వొక్కటే.
గవిటిని సుత మల్ల తీస్కపోతున్నవా."

నేను మూత ఇంకొంచెం బిగించాను.
అప్పటికే బిగిసి ఉంది.

ఫారం చివర 'ఇతర విషయాలు' అని రెండు గీతలుంటాయి.
తూర్పు గాలి, దుమ్ము, అని రాశాను.
రెండో గీత అట్లాగే ఉంది.

డ్రమ్ము కోసం సాయంత్రం వేరే బండి వస్తుంది.
రావాలి.
మూతకు తాడు రెండు చుట్లు కట్టాం.
మొగిలి గేరు వేశాడు, వెనక సీసాలు
ఒకదాన్నొకటి మెల్లగా తట్టుకున్నాయి.
అద్దంలో ఓదెమ్మ కనబడలేదు.
బర్రె కనబడింది,
డ్రమ్ము మూత మీది తడిని
నింపాదిగా నాకుతూ.