తగ్గుముఖం

సాయంత్రం ఆరింటికి ఏరియేటర్లు వేస్తారు.
వెయ్యడం ఇప్పుడు నా పని కాదు.
పగలు చెక్‌ట్రే ఎత్తి, మేత మిగిలిందో లేదో చూసి
పుస్తకంలో అంకె రాసి ఇంటికెళ్ళిపోవాలి.
అయినా గట్టు మీద కాసేపు ఆగి వింటాను.

పోయినేడు ఈ చప్పుడులో నా పేరుండేది.
తాతాజీ, తాతాజీ, రెక్క నీటిని కొట్టినప్పుడల్లా.
తరవాత మాటలొచ్చాయి:
మేతలో విషం కలిపింది నువ్వేనని,
మాధవాయిపాలెం రేవులో, పంటు మీద
ఎర్రచొక్కా మనిషికి అంతా తెలుసని.
ఒక రాత్రి ఫ్యూజులన్నీ పీకి జేబులో వేసుకున్నాను.
ఎంత నిశ్శబ్దం!
తెల్లారేసరికి ఆరెకరాల రొయ్య తేలింది.

అది మాత్రం నిజం.
ఏ బిళ్ళకీ తగ్గదది.

భీమవరంలో డాక్టరమ్మ "తగ్గింది" అంది.
"పోయిందాండీ?" అంది మా అమ్మ.
"తగ్గిందమ్మా."
మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే మాట.
బస్సులో కిటికీ పక్కన కూచుని అనుకున్నాను,
ధవళేశ్వరం దగ్గర హెచ్చరిక తీసేశారని
ఆ రోజే ఏటిగట్టు దిగిపోతాడా ఎవడైనా?
దిగినా, గదిలో మోకాలి లోతు ఒండ్రు.
గోడ మీద నీటిగీత, కేలండరు కన్నా పైన.
ముందు పార, తరవాత చీపురు.
మంచం సంగతి ఆనక.

చేతులు వణుకుతాయి, కొంచెం.
పాత పేంట్లు ఒక్కటీ ఎక్కవు.
మధ్యాన్నం రెండయ్యేసరికి
తల మీద తడి గోనెసంచి పరిచినట్టుంటుంది.
పెద్దిరాజుగారు రొయ్య కింద
నెలకి వెయ్యి జీతంలో పట్టుకుంటున్నారు.
అమ్మకి కోపం. నాకు మాత్రం బాగుంది.
పిచ్చోడి దగ్గర బాకీ ఎవడు వసూలు చేస్తాడు?

అమ్మ లేసు అల్లుతూనే నన్ను కనిపెడుతుంది.
నేను నవ్వితే సూది ఆగుతుంది.
అందుకని నవ్వినప్పుడల్లా ఫోను తిప్పి చూపిస్తాను,
ఇదిగో, దీనికే.
అర్థం కాకపోయినా తనూ నవ్వుతుంది,
తప్పిన కుట్టు విప్పుకుంటూ.

ఎర్రచొక్కా మనిషి మొన్న కనిపించాడు, పంటు మీదే.
తాటిముంజల గంప. చొక్కా నీలం.
"వందకి చిల్లరుందా?" అన్నాడు.
ఇచ్చాను. రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.
అంతే.

ఇవాళ కూడా గట్టు మీద నిలబడ్డాను.
నీళ్ళు. మోటారు.
మూడోదాంట్లో బేరింగు అరుగుతోంది, గ్రీజు పెట్టించాలి.
ఐదు నిమిషాలకే బోరు కొట్టింది.
ఈసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మకి చెప్పాలి
బోరు కొట్టిందని.

సైకిలు స్టాండు తీస్తుంటే
వెనకనించి, "తాతాజీ!"
తిరగలేదు.
"ఒరే తాతాజీ!"
షెడ్డు దగ్గర కుక్క తలెత్తి అటు చూసింది.
అప్పుడు తిరిగాను.
మోషే.
నేను మర్చిపోయిన కేరేజీ వాడి చేతిలో.